కాలువ దాటించిన నల్లపెట్ట

మా పాపకు మూడో ఏడు నడుస్తున్న వేసవిలో వీధిలో కోళ్లు చావడం మొదలైంది. మొదట చివరింట్లో రెండు, మర్నాడు రైసుమిల్లు పక్కన నాలుగు. కొక్కెర తెగులన్నారు. మావి ఆరు పెట్టలు, ఒక పుంజు. వాటిలో నల్లపెట్ట పాపది. పాపకు టైఫాయిడ్ తగ్గాక రోజుకో గుడ్డు తినిపించమని రామచంద్రపురం డాక్టరుగారు చెప్పారు. పాప నల్లపెట్ట పెట్టిన గుడ్డయితేనే తినేది. ముందు దాన్ని వెచ్చగా చెంపకు ఆనించుకునేది.

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ సంగతి మా అత్తగారు ఎప్పుడూ మరిచిపోరు.

"బియ్యెస్సీ చదివావు కదమ్మా, దీనికి మందేంటో చెప్పు మరి."

"వచ్చాక మందు లేదండి. రాకముందే టీకా వేయించాలి."

"అంటే ఆ చదువు కోళ్లక్కూడా పనికి రాదన్నమాట!" అంటూ ఆవిడ వెల్లుల్లి, పసుపు నూరి నూకల్లో కలిపారు.

పశువుల ఆసుపత్రిలో టీకా అయిపోయింది, వచ్చే వారం రమ్మన్నారు. ఆ వారం ఎలా గడుస్తుందో నాకు తెలియలేదు. పొయ్యి మీద పాలు పెట్టి గూటి దగ్గరికి వెళ్లేదాన్ని. ఒక్కోదాన్ని పట్టుకుని రెక్కలు ఎత్తి, ముక్కు తుడిచి చూసేదాన్ని. తిరిగొచ్చేసరికి పాలు పొంగిపోయేవి.

తెగులొచ్చినప్పుడు ఇష్టమైన పెట్టనొకదాన్ని వేరే ఊళ్లో చుట్టాలింట దాచడం మా వైపు మామూలే. మా అత్తగారి చెల్లెలు, చిన్నత్తయ్యగారు, కాలువ అవతల ఊళ్లో ఒక్కరే ఉండేవారు. ఆవిడ పొద్దున్నే లేచి మాట్లాడేది తన కోళ్లతోనే.

"నల్లదాన్నైనా మా చెల్లెలింటికి పంపేద్దాం. అక్కడింకా ఏమీ లేదంట," అన్నారు అత్తగారు.

మర్నాడు గూడు తెరిచాను. నల్లపెట్ట పడుకునే మూల రెట్ట ఆకు పసరులా పచ్చగా ఉంది. అదేమిటో నాకు తెలుసు. తెగులుకు అదే గుర్తని రెండ్రోజుల కిందటే పక్కింటావిడకు చెప్పింది నేనే. బోరింగు కొట్టి రెండు బకెట్ల నీళ్లు తెచ్చి మొత్తం కడిగేశాను. పెట్ట తవుడు తింటూనే ఉంది కదా, ఎండ వేడికేమో అనుకున్నాను. కాళ్లు కట్టి బుట్టలో పెట్టి పైన గుడ్డ కప్పాను. మావారు ధవళేశ్వరం ఆఫీసుకు వెళ్లే ముందు స్కూటరు మీద కాలువ దాటించి వచ్చారు.

మూడో రోజున మా పెట్టలు నోళ్లు తెరిచి గురకపెట్టాయి. మెడలు మెలికపడ్డాయి. వారం తిరిగేసరికి గూడు ఖాళీ. అవతలి ఊరి నుంచి సంతకు వచ్చినావిడ కబురు తెచ్చింది. నల్లపెట్ట ఐదో రోజే పోయింది. తరవాత చిన్నత్తయ్యగారి పన్నెండు కోళ్లూ పోయాయి.

ఆ పచ్చ రెట్ట సంగతి చిన్నత్తయ్యగారికి చెప్పాలి. బియ్యం కడుగుతూ ఆ మాటే లోలోపల అనుకుని, వార్చేటప్పుడు మానేసేదాన్ని. పాప తుమ్మితే చాలు, రోజుకు పదిసార్లు నుదురు పట్టి చూసేదాన్ని.

ఆ నెలాఖరులో చిన్నత్తయ్యగారే వచ్చారు, చేతిలో మూతకట్టిన బుట్టతో.

"అమ్మాయ్, నీ పెట్టను నమ్మి నాకప్పజెప్పావు. చంపేసుకున్నానమ్మా," అని నా చెయ్యి పట్టుకున్నారు. బుట్టలో పాలకొల్లు నుంచి తెచ్చిన రెండు పడుచు పెట్టలు. "పాపకి గుడ్డు ఆగకూడదు కదా."

పాప అప్పుడే బుట్టలో చెయ్యి పెట్టేసింది. ఆవిడ గూటి వైపు నడిచారు.

"అందులో పెట్టకండి!"

"ఏం, పాముందా?"

"తెగులింకా పోయుండదండి. సున్నం కూడా వేయలేదు. మీ ఇంట్లోనూ కొన్నాళ్లు కొత్తవి పెట్టకండి."

"చదువుకున్నదానివి, నీకన్నీ తెలుస్తాయి."

మెచ్చుకోలుగానే అన్నారు.

"అప్పుడూ తెలుసండి. పంపిన రోజు పొద్దున్న దాని రెట్ట పచ్చగా ఉంది. కడిగేసి పంపాను."

అత్తగారి చేతిలో చాట ఆగిపోయింది. "ఏంటి నువ్వనేది?"

చిన్నత్తయ్యగారు బుట్ట మీద గుడ్డ సర్దారు.

"ఆ ముక్క ఆవేళే చెప్తే దాన్ని వేరే గంప కింద పెట్టుకునేదాన్ని కదమ్మా," అన్నారు. గొంతు పెంచలేదు. కాసేపటికి, "ఇప్పుడు వీటినెక్కడ పెట్టమంటావు? ఇక్కడొద్దంటివి, అక్కడొద్దంటివి," అన్నారు.

డాబా మీద గంప కింద పెడతానన్నాను. ఆవిడ కాఫీ తాగకుండానే బస్సుకు వెళ్లిపోయారు.

ఎట్టకేలకు ఆసుపత్రికి టీకా వచ్చిన రోజున రెండింటినీ తీసుకెళ్లి వేయించాను. గూటికి రెండుసార్లు సున్నం కొట్టాను. రెండు నెలలు ఆగాక ఒక పెట్టను బుట్టలో పెట్టుకుని, పాపను చంకనెత్తుకుని కాలువ దాటాను.

చిన్నత్తయ్యగారు గుమ్మంలోనే దాన్ని అందుకున్నారు. దాని నోరు తెరిచి చూశారు. తోక ఎత్తి చూశారు. బుట్ట అడుగున ఉన్న రెట్టను కూడా వంగి చూశారు.

ఆ తరవాతే మమ్మల్ని లోపలికి రమ్మన్నారు.