సగం గింజ

ఈ ఉదయం ఆదోనిలో మా పక్కింటివాళ్లు కుక్కర్ మూత తీసినట్టున్నారు, సువాసన బియ్యం కమ్మదనం కిటికీలోంచి వచ్చింది. ఎవరికైనా ఆకలి వేస్తుంది. నాకు మాత్రం ముందు నా మీద నాకే ఒళ్లు మండుతుంది, తర్వాత రంగన్న సార్ గుర్తొచ్చి చల్లబడతాను.

ఆయన ఎమ్మిగనూరు దగ్గర కాలువ కింద చిన్న వరి పరిశోధన పొలం చూసేవారు. మా నేలలో పండే పొట్టి వరికి సువాసన ఎక్కించాలని ఆయన పట్టు. కోసిగిలో ఏటా మూట కట్టుకుని వలసపోయే ఇంటిదాన్ని నేను. నాకు అక్కడ పనిచ్చి, పొట్టి వరి పూలలో పుప్పొడి తిత్తులు పట్టకారుతో తీసేసి, సువాసన రకం పుప్పొడి దులపడం నేర్పారు. ఎన్నో పూలకు తొమ్మిది గింజలే కట్టాయి. తొమ్మిదీ మొలిచాయి.

ఆ పొలంలో ఒక కట్టుబాటు ఉండేది. రకంలో కలవని మొక్కను, అంటే కేళీని, కనబడగానే పీకి గట్టు మీద పడేయాలి. కేళీలు పట్టడంలో నాకు కొంచెం పొగరు కూడా. సార్ ఊళ్లో లేనిరోజు ఆ తొమ్మిదింటి ఆకులు తుంచి, ఆయన చేసినట్టే, ఆకులోని వాసనను బయటికి తెచ్చే మందునీళ్ల సీసాల్లో వేసి, కాసేపాగి మూత తీసి వాసన చూశాను. ఒక్కదానికీ వాసన లేదు. పైగా మొదళ్లలో పొట్టి వరికి లేని ఊదా చాయ. నా పని చెడిందనుకుని, ఎవరూ చూడకముందే అన్నీ పీకేశాను.

సాయంత్రం సార్ వచ్చి గట్టు మీద వాటిని చూసి నిలబడిపోయారు. ఇక మూట కట్టుకోవడమేననుకున్నాను. ఆయన ప్యాంటు మడిచి, వేళ్లకు తడి ఉన్నవాటిని ఏరి, ఆకుల కొసలు తుంచి కుండీల్లో నాటారు.

"ఆ ఊదా రంగు నాయన రకానిది, పుప్పొడి ఇచ్చినదానిదమ్మా. నువ్వు సేసిన పని కుదిరింది. వాసన యాడికీ పోలేదు, దాంకోని ఉంది."

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ సువాసన గుణాలైతేనే వాసన వస్తుందట. మొదటి తరానికి ఒకటే దక్కుతుంది. వాటికి కాసే గింజల్లో మాత్రం సుమారు నాలుగింట ఒకదానికి రెండూ కలుస్తాయట.

మర్నాడు పొలం యజమాని వచ్చి ఎవరు పీకారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సార్ అందుకున్నారు.

"నేను ఇవరం సెప్పకుండా పని సేయించినా. తప్పు నాదే."

తిట్టి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదు.

రెండు మొక్కలు బతికాయి. కోత అయ్యాక ఒక్కో గింజ పొట్టు తీసి, మొలకెత్తే సగాన్ని విత్తడానికి దాచి, మిగతా సగం ఇద్దరం నమిలేవాళ్లం. వరసగా అన్నీ చప్పన. చాలాసేపటికి ఒకటి నా నోట్లో కమ్మగా విచ్చుకుంది. సార్ నా మొహం చూసి, రెండో సగం యాడ పెట్టినావని మాత్రం అడిగారు.

సార్ ఇప్పుడు లేరు, పొలం నేను చూస్తున్నాను. ఆ గింజల సంతతికి సువాసన నిలిచింది గాని గాలికి పైరు పడిపోతోంది. కొత్తగా చేరినవాళ్ల చేతికి పట్టకారు ఇచ్చేముందు కూర్చోబెట్టి అంతా చెబుతాను, విసుక్కున్నా వదలను. ఈసారి గాలికి నిలిచే రకంతో మళ్లీ కలిపాను. మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఒక్కదానికీ వాసన లేదు. ఉండదని తెలిసే నీళ్లు పెడుతున్నాను.