మడి కట్టుకున్న బీరు

మొన్న ఆదివారం మా అమ్మాయి స్నేహితురాలు నన్ను ఊళ్ళో కొత్తగా తెరిచిన, బీరు కాచి అమ్మే బ్రూవరీకి లాక్కెళ్ళింది. "ఆంటీ, ఇది మీకు నచ్చుతుంది, చాలా లైట్" అంటూ పొడుగాటి గ్లాసు చేతిలో పెట్టింది. తాగేముందు దాన్ని వెలుతురుకేసి ఎత్తి చూశాను. "ఏం చూస్తున్నారు?" అంది. ఈ అలవాటు మా అత్తగారి దగ్గర అబ్బిందనీ, ఆవిడ జన్మలో బీరు చుక్క నాలుక మీద వేసుకోలేదనీ చెబితే ఆ పిల్ల నవ్విందే గానీ నమ్మలేదు.

అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. ఈ పరాయి దేశంలో, మేముండే బాతెల్‌లో ఒక బయోటెక్ కంపెనీ ల్యాబ్‌లో నా ఉద్యోగం. వారమంతా కణాలను పెంచేదాన్ని, సెలవు రోజుల్లో బీరు పులియబెట్టేందుకు గరాజ్‌లో ఈస్ట్‌ను పెంచడం మొదలుపెట్టాను. అందులోనూ నేను పట్టుకున్నది కోల్ష్ అనే బీరు. జర్మనీలో కొలోన్ ఊరివాళ్ళది, లేత బంగారు రంగులో తేటగా ఉంటుంది. చూడ్డానికి అమాయకంగా ఉన్నా చేయడం మహా మొండి పని. మసాలా దట్టించిన కూరలో ముదురు వంకాయ కూడా చెల్లిపోతుంది, ముద్దపప్పులో మాత్రం ఇసుక రేణువైనా పంటికి తగులుతుంది. నల్ల బీర్లకూ దీనికీ అంతే తేడా. ఇంట్లో బీరు చేసుకునే మా హోమ్‌బ్రూ క్లబ్ పోటీలో అంతకుముందు ఏడాది నా సీసా రుచి చూసిన జడ్జి "కాస్త పులుపు తగిలింది" అని మర్యాదగా పక్కన పెట్టేశాడు. ఆ మర్యాదకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఈసారి గెలిచి తీరాలనుకున్నాను.

సరిగ్గా ఆ వేసవిలోనే మా అత్తగారు పూజ సామానూ మడిచీరలూ సూట్‌కేసులో సర్దుకుని ఆర్నెల్లకని వచ్చారు. "అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ బీరు ఆపెయ్, ప్లీజ్" అన్నారు మా ఆయన. "దొంగసారా కాస్తున్నానా, దాక్కోడానికి?" అన్నాను. శనివారం పొద్దున్నే గరాజ్‌లో స్టవ్ వెలిగించాను. మాల్టు, అంటే మొలకెత్తించిన బార్లీ, ఉడికే వాసనకి ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "ఏమిటే అమ్మాయ్, రాగిజావా?" అన్నారు. "బీరండీ, అత్తయ్యగారూ." ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. నేనేమో చల్లారిన మాల్టు రసాన్ని బకెట్లోకి వంపుతూ, మూత అందివ్వబోయిన మా ఆయన మీద కేకలేస్తున్నాను: "ముట్టుకోకండి! చేతులు శానిటైజ్ చేశారా? దాని మీద దగ్గకండి!" ఆవిడకి ఉండబట్టలేదు. "వాడేం చేశాడే పాపం?" అన్నారు. "ఉడికి చల్లారాక, నేను వేసే ఈస్ట్ తప్ప ఇంకేదీ అందులో పడకూడదండీ. పడితే మొత్తం పాడైపోతుంది." ఆవిడ ముఖం విప్పారింది. "అంటే మడి. అలా చెప్పు మరి!"

అంతే, గరాజ్ ఆవిడ అధీనంలోకి వెళ్ళిపోయింది. బకెట్‌కి దూరంగా కుర్చీ వేసుకుని, "ఒరేయ్, ఆ జిమ్ బట్టల్తో అటెళ్ళకు!" అని కన్నకొడుకుని గదమాయించేవారు. తను ముట్టుకుంటే తనకి మైల, ఇంకెవరు ముట్టుకున్నా దానికి మైల. ఇంత చిక్కు శాస్త్రాన్ని నడపడం ఆవిడకే చెల్లింది.

అసలు పరీక్ష ఎండ రూపంలో వచ్చింది. కోల్ష్ పులిసినన్నాళ్ళూ చల్లగా ఉండాలి. అందుకని బకెట్‌ను నీళ్ళ టబ్బులో నిలబెట్టి, ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాలు ఆ నీళ్ళలో వేసి, కరిగినప్పుడల్లా మార్చేదాన్ని. ఒకరోజు ఊరంతా మండిపోయింది. నేను ల్యాబ్‌లో ప్రయోగం మధ్యలో ఇరుక్కుపోయాను, మా ఆయన ఊళ్ళో లేరు. ఇంటికి ఫోన్ చేయడానికి మనసొప్పలేదు. నిష్ఠగా మడి కట్టుకునే మనిషిని బీరు టబ్బులో చెయ్యి పెట్టమని ఏ నోటితో అడగను? ఏడాది ఆశ గంగలో కలిసిందనుకుంటూ ఇల్లు చేరి గరాజ్ తలుపు తీశాను. టబ్బు పక్కన కొంగు నడుముకి దోపుకుని నిలబడి ఉన్నారు అత్తగారు. కుచ్చిళ్ళు తడిసి ముద్దయ్యాయి. టబ్బులో కొత్త సీసాలు తేలుతున్నాయి. నీళ్ళలో వేలు పెడితే జివ్వుమంది. "చల్లగానే ఉంది, చూసుకో. ఇహ నేను తలస్నానం చేసొస్తా" అన్నారు, అదేమంత పెద్ద విషయం కానట్టు. నాకు ఏడుపొచ్చింది. తన మడి పోగొట్టుకుని నా బీరు మడి కాపాడారావిడ.

ఆకులు రాలే కాలంలో పోటీ జరిగింది. పట్టుచీర, దాని కింద స్నీకర్లు, మొదటి వరసలో మా అత్తగారు. మొదటి బహుమతి నాదేనని రిబ్బన్ ఇచ్చాక, జడ్జి మర్యాదకి ఆవిడక్కూడా ఒక గ్లాసు నింపి అందించాడు. ఆవిడ జంకలేదు. అందుకుని, దీపంకేసి ఎత్తి, గ్లాసులోంచి అవతలి మనిషి ముఖం కనబడుతోందో లేదో చూసుకుని, "వెరీ క్లీన్! మై డాటర్-ఇన్-లా!" అన్నారు, హాలంతా వినబడేట్టు. ఆ తర్వాతే గ్లాసు నా చేతికిచ్చారు. నా డిగ్రీలేవీ నన్ను అంత ఎత్తున నిలబెట్టలేదు.

ఆవిడ ఆ గ్లాసు దించి ఎన్నో ఏళ్ళయింది, ఇప్పుడు ఆవిడే లేరు. నేను మాత్రం మొదటి గుక్కకి ముందు ఇప్పటికీ ఎత్తి చూస్తూనే ఉన్నాను.