అమ్మ పేరు మీద స్కోరు

నాన్న పోయిన మరుసటి ఏడాది, శివరాత్రి వెళ్ళిన వారంలో మా అంగడి యజమాని కబురు పంపాడు. కాటన్‌పేటలో మేము దుప్పట్లూ తువ్వాళ్ళూ టోకున అమ్మే ఆ గదికి, నేను పుట్టకముందు నుంచీ ఆయనకే బాడుగ కడుతున్నాం. వయసైపోయింది, ఇక అమ్మేస్తానన్నాడు. బయట ఎవరికీ చెప్పకుండా ముందు మా అమ్మను అడిగాడు. దీపావళి దాకా ఆగుతాను, ఆ తర్వాత నా చేతుల్లో లేదు అని కన్నడంలో నిదానంగా చెప్పాడు. ఆలోచించి చెబుతానని కూడా అనకుండా, కొంటానని అమ్మ అక్కడికక్కడే మాటిచ్చేసింది.

సగం డబ్బు డిపాజిట్లలో ఉంది. మిగతా సగానికి లోను కావాలి. నాకది పెద్ద విషయంగా తోచలేదు. బొమ్మసంద్రలో ఒక కంపెనీలో జీతాల లెక్కలు చూసే ఉద్యోగం నాది. రెండు క్రెడిట్ కార్డులున్నాయి. ఏనాడూ ఒక్క బిల్లు ఆలస్యం చేయలేదు. నా క్రెడిట్ స్కోరు చూస్తే ఏ బ్యాంకైనా కుర్చీ వేసి కూర్చోబెడుతుంది.

"నా పేరు మీద తీసుకుందాం. నెలలో పని అయిపోతుంది" అన్నాను.

"నీ పేరు మీద బ్యాడ" అంది అమ్మ, తల అడ్డంగా ఊపుతూ. "అంగడి నా పేరు మీద ఉండల్ల. లోనూ నా పేరు మీదే ఉండల్ల."

నాకు ఒళ్ళు మండింది. కన్నకూతురి మీద నమ్మకం లేదా అని రెండు రోజులు ముభావంగా తిరిగాను. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, ఆ అంగడి మొత్తం నా కళ్ళముందు తిరిగింది. సరుకు కోసం నాన్న ఊళ్ళు తిరుగుతుంటే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నది అమ్మే. ఏ ఊరి వ్యాపారి ఏ రంగు దుప్పటి అడుగుతాడో, ఎవరికి మెత్తగా చెప్పాలో, ఎవరికి గట్టిగా చెప్పాలో ఆమెకే తెలుసు. అయినా బోర్డు మీద నాన్న పేరు, లైసెన్సు మీద నాన్న పేరు, బ్యాంకు ఖాతా మీద నాన్న పేరు. ఆయన పోయాక అవన్నీ మార్పించడానికి ఆఫీసులు తిరిగినప్పుడు, ప్రతిచోటా ఆమెను "ఫలానా వారి భార్య" అనే పిలిచారు. అమ్మ చూపించిన చోటల్లా సంతకం చేసింది. అన్నీ మనసులో పెట్టుకుంది.

సరేనని ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. లోన్ల దగ్గర కూర్చున్న అమ్మాయిది గుంటూరు వైపు అని మాట వినగానే తెలిసిపోయింది. అమ్మ పాన్ కార్డు నంబరు కొట్టి, స్క్రీన్ చూసి, నా వైపు తిరిగింది.

"మేడమ్, ఆంటీకి హిస్టరీ ఏం లేదండీ. స్కోరే జనరేట్ అవ్వలేదు."

"నాతో చెప్పమ్మా, నేను ఈడే ఉండాను" అంది అమ్మ. "ఏం లేదంటాండావు?"

"సారీ ఆంటీ. మీరు ఎప్పుడూ లోన్ తీసుకోలేదు, కార్డు కూడా లేదు. అందుకని సిస్టమ్‌కి మీ గురించి ఏం తెలీదు."

"అప్పు చెయ్యకుండా బతికినాను. అది మంచిదే కదప్పా?"

"మంచిదే ఆంటీ. కానీ అప్పు తీసుకుని టైముకి కడతారా లేదా అనేది, తీసుకుంటేనే కదా తెలిసేది."

అమ్మ మొహం చిన్నబోయింది. వీధి వీధంతా ఆమె మాట మీద బేళ్ళకు బేళ్ళు సరుకు అరువుకు దించిపోతుంది. ఇక్కడేమో కంప్యూటరు ఈమె ఎవరో తెలియదంటోంది. అదే కంప్యూటరులో నాన్నకు మంచి స్కోరు ఉండేదని నాకు తెలుసు.

ఆ అమ్మాయి ఒక దారి చెప్పింది. డిపాజిట్‌లో కొంత తాకట్టు పెడితే దాని మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. నెలనెలా కొద్దిగా వాడి, బిల్లు టైముకు పూర్తిగా కడుతూ పోతే ఆరు నెలలకు స్కోరు కనబడుతుంది. దీపావళికి సరిగ్గా సరిపోతుంది, ఒక్క నెల కూడా తప్పు జరగకూడదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా అంగళ్ళకేసి చూస్తూ కూర్చుంది. చిక్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఉన్నట్టుండి అంది.

"మనమూ అంతే కదా చేసేది. కొత్తోడు కోలారు నుంచి వస్తే మొదట ఒక మూటే ఇస్తాం. వాడు చెప్పిన దినానికి బాకీ లెక్క తెస్తే ఇంకోసారి రెండు మూటలు. ఊరికే మొహం చూసి లారీ నింపుతామా?"

ఆ క్షణం నుంచి స్కోరంటే ఏమిటో నేను వివరించాల్సిన అవసరం రాలేదు. వివరించాల్సినవి వేరే ఉన్నాయి.

కార్డు వచ్చిన వారంలో బియ్యం, పప్పులు, నూనె అమ్మ దాని మీదే కొంది. సాయంత్రం నేను ఇంటికి రాగానే ఫోను నా చేతిలో పెట్టి, "దీపం పెట్టకముందే ఆ దుడ్డు కట్టేయ్" అంది. బాకీ ఇంట్లో పెట్టుకుని నిద్రపోవడం ఆమె వల్ల కాదు. నెలంతా ఇదే వరస. తీరా బిల్లు వచ్చేసరికి సున్నా. ఆ సున్నాను పతకంలా పట్టుకెళ్ళి బ్యాంకు అమ్మాయికి చూపించింది. ఆ పిల్ల నవ్వాపుకోలేకపోయింది.

"ఆంటీ, బిల్లు రానివ్వండి. వచ్చాక మొత్తం కట్టండి. మీరు వాడుతున్నట్టు కనబడాలి కదా!"

మరుసటి నెల బిల్లు వచ్చింది. అందులో రెండు అంకెలున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. "చిన్నది కడితే చాలని రాసినారే, మంచోళ్ళే" అంది. మిగిలిన దాని మీద ఎంత వడ్డీ పడుతుందో చెప్పాను. కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "అదా సంగతి! తేనె పూసిన కత్తి పెట్టినారు" అని ఆ కాగితాన్ని బోర్లా తిప్పేసింది. ఇంకోసారి కంబళ్ళ బేలు మొత్తం కార్డు మీద కొనబోతే నేనే ఆపాను. ఇచ్చిన పరిమితిలో మూడో వంతు దాటి వాడితే, చేతిలో డబ్బు లేక వాడుతున్నారని అనుకుంటారన్నాను. అది మాత్రం వెంటనే ఒప్పుకుంది. అంగట్లో గబగబా అరువు పెంచేవాణ్ణి చూస్తే ఆమెకూ అనుమానమేనట.

అసలు గండం శుక్రవారం రూపంలో వచ్చింది.

మా ఇంట్లో శుక్రవారం డబ్బు బయటికి ఇవ్వరు. దీపాలు పెట్టాక ఏ రోజూ ఇవ్వరు. లక్ష్మి గడప దాటుతుందని భయం. ఆ నెల బిల్లుకు ఆఖరి రోజు శుక్రవారం పడింది. గురువారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడింది, దీపం వెలుగుతోంది. "ఇప్పుడు బ్యాడ, శనివారం బోణీ కానీ, కడదాం" అంది. నా ఓపిక నశించింది.

"నీ లక్ష్మి గడప దాటదు సరే, అంగడి చెయ్యి దాటిపోతుంది. అది కావాలా నీకు?"

గట్టిగానే అరిచాను. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆమె ఫోను తీసి కట్టేద్దామనుకున్నాను. పిన్ నంబరు ఎప్పుడూ ఆమే కొడుతుంది, నాకు చెప్పదు. నా డబ్బుతో కడితే ఊరుకోదు. ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు. శుక్రవారమంతా ఆఫీసులో నా మనసు మనసులో లేదు. శనివారం తెల్లారి మొదటి బేరం అవగానే ఆమే కట్టింది, నన్ను పిలవకుండా. తర్వాత బ్యాంకుకు ఫోను చేసి, "ఒక దినం తప్పింది తల్లీ, అంతా పాడైపోయిందా?" అని అడిగింది. రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంటుంది, మచ్చ పడదు, కానీ మళ్ళీ చేయొద్దు అంది ఆ అమ్మాయి. అమ్మ కుర్చీలో కూలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. అంత భయపడిందని నాకు అప్పుడే తెలిసింది. అరిచినందుకు నా మీద నాకే చిరాకేసింది.

ఆ తర్వాత ఆమే ఒక పద్ధతి పెట్టుకుంది. బిల్లు వచ్చిన మర్నాడు, అది శుక్రవారం కాకపోతే, బోణీ అవగానే మొత్తం కట్టేయడం. ఆఖరి రోజు ఎప్పుడన్న ఊసే ఇక మా ఇంట్లో రాలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం అంగట్లో కూర్చుని ఇద్దరం ఫోనులో చూశాం. ఏడు వందల యాభై పైన.

"ఎన్నిటికి?"

"తొమ్మిది వందలకి."

"మిగిలిన నూటయాభై ఏంటికి కొట్టేసినారు?" అంటూనే నవ్వింది. అటుపైన సాయంత్రం దాకా వచ్చినవాళ్ళందరికీ టీ తెప్పించింది, ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

లోను మంజూరైంది. రిజిస్ట్రేషన్‌కు రోజు దొరకడమే కష్టమైంది. దీపావళికి ముందు దొరికింది ఒకే ఒక్క మధ్యాహ్నం, అదీ శుక్రవారం. యజమానికి మా వాటా చెక్కు ఆ రోజే, అక్కడే ఇవ్వాలి. ఆ సంగతి అమ్మకు చెప్పడం రెండు రోజులు వాయిదా వేశాను. మళ్ళీ గొడవ పడే శక్తి లేదు. చివరికి మెల్లగా చెప్పాను. దుప్పట్లు మడతపెడుతున్న అమ్మ చేతిలోదాన్ని దొంతరలో పెట్టి నా వైపు తిరిగింది.

"ఆ దుడ్డు యాడికి పోతాది?" అంది. "నా అంగట్లోకే కదా వచ్చేది. ఇంగ లక్ష్మి యాడికి పోతాది?"

శుక్రవారం మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో జనం కిక్కిరిసి ఉన్నారు. యజమాని నా పక్కన, అమ్మ ఆయన పక్కన. చెక్కు తన సంచిలోంచి తీసి, రెండు చేతులతో అమ్మే ఆయనకు ఇచ్చింది. గుమాస్తా కాగితాలు తిప్పుతూ తలెత్తకుండానే కన్నడంలో అడిగాడు, కొనేవాళ్ళు ఎవరని. అలవాటు కొద్దీ అతని కళ్ళు నా మీదికి వచ్చాయి. అలవాటు కొద్దీ నేనూ నోరు తెరిచాను.

"నానే" అంది అమ్మ కన్నడంలోనే, ఒకడుగు ముందుకు వేసి.