పెద్దమ్మ పులుపు నీళ్ళు

మా పార్లర్‌లో కత్తెర నాది, నీళ్ళు పెద్దమ్మవి. ముందు గదిలో అద్దం ఎదుట నేను జుట్టు కత్తిరిస్తాను. వెనక గదిలో, మెడ వెనక్కి వాల్చి కూర్చునే కుర్చీ దగ్గర, మా అమ్మకు అక్క అయిన ఆవిడ తలలు కడుగుతుంది. వచ్చేవాళ్ళలో సగం మంది నా కత్తెర కోసం కాదు, ఆవిడ చెంబు కోసమే వస్తారు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఏం చేస్తాం, ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

తల కడిగాక ఆఖరున పోసే నీళ్ళలోనే ఆవిడ పనితనమంతా ఉంది. మందారాకులు, మెంతులు, ఎండిన చేమంతి పూలు మరిగించి, వడకట్టి, చల్లార్చి, అందులో కాస్త వెనిగర్ కలుపుతుంది. ఆ వెనిగర్ కొన్నది కాదు. పక్క జ్యూస్ కొట్టతను పారేసే యాపిల్ తొక్కల్ని జాడీల్లో పులియబెట్టి తనే చేసుకుంటుంది. ఏ జాడీ పులుపు ఆ జాడీదే. ఒకటి పిల్లిలా ఉంటే ఇంకొకటి పులిలా ఉంటుంది. అందుకే కలిపిన నీళ్ళు ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసేది. "నాలుక్కి తెలియాలి, పళ్ళకి తెలియకూడదు. అంతేనే," అనేది. దురదతో తల గోక్కుంటూ వచ్చినవాళ్ళు ఆ నీళ్ళు పడగానే కుర్చీలోనే కునుకు తీసేవారు.

కిందటి చలికాలం ఆవిడకు జ్వరం వచ్చింది. అది పోతూ పోతూ రుచినీ వాసననూ పట్టుకుపోయింది. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. ఓ రోజు సంగీతం టీచరమ్మ వచ్చింది. చుండ్రు పట్టి, గోకి గోకి మాడంతా ఎర్రబడి ఉంది. చెంబుడు నీళ్ళు పడ్డాయో లేదో, "అమ్మో, మంట!" అంటూ కుర్చీలోంచి అంతెత్తున లేచింది. సాధన చేసిన గొంతు కదా, వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. నేను పరుగెత్తుకెళ్ళి మంచినీళ్ళు కుమ్మరించాను. పెద్దమ్మ మాత్రం చెంబు పట్టుకుని కొయ్యబారిపోయింది.

"నాకు రుచి తెలియట్లేదే. అంచనాగా కలిపేశాను. ఇక ఎవరి తల మీదా చెయ్యి పెట్టను," అంది టీచరమ్మ వెళ్ళిపోయాక.

"కొన్న సీసా తెస్తాను, కొలిచి పొయ్యి," అన్నాను.

"సీసాకి కొలత ఉంటుంది. తలకి ఉంటుందా? ఒకళ్ళ మాడు బండరాయి, ఇంకొకళ్ళది పసిబిడ్డ."

తర్వాత ఆవిడ ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని, మడిచిన తువాళ్ళనే మళ్ళీ మడుస్తూ ఉండేది. ఆ కుర్చీ తప్ప ఆవిడకు వేరే లోకం లేదు. అది పోతే మనిషే పోతుందని నాకు భయం పట్టుకుంది.

ఎందుకో ఒక ఉదయం తనే లేచి చెంబు అందుకుంది. ఆ రోజు వచ్చిన వాళ్ళెవరూ అరవలేదు. మర్నాడూ అంతే.

"రుచి వచ్చేసిందా?" అని అడిగాను.

"వస్తుందిలే," అంది. నేను వచ్చేసిందనే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

చలికి, నీళ్ళకి ఆవిడ వేళ్ళన్నీ పగిలిపోయాయి. మందు కొని తెచ్చి, చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అన్ని వేళ్ళూ మానుతున్నాయి గానీ ఎడమ చూపుడు వేలు మాత్రం ఎర్రగా నోరు తెరుచుకునే ఉంది.

"దీనికి రాయవేం?"

"మర్చిపోయానే."

"మందు నీకు కొన్నానా, డబ్బాకి కొన్నానా?" అని గట్టిగానే కసిరాను.

కొంతకాలానికి టీచరమ్మ మళ్ళీ వచ్చింది. "షాంపూలన్నీ అయిపోయాయమ్మా, దురద పోలేదు. భయంగానే ఉంది, అయినా వచ్చాను," అంది. ఈసారి కూడా మండిందంటే పెద్దమ్మ ఇక చెంబు ముట్టదని నాకు తెలుసు. తువాలు వంకతో గుమ్మం దగ్గర నిలబడ్డాను.

పెద్దమ్మ కలిపిన నీళ్ళు కొన్ని సీసా మూతలో పోసుకుంది. ఆ పగిలిన వేలు అందులో ముంచింది. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుంది. చెంబులో ఇంకాస్త ఆకుల నీళ్ళు పోసి కలిపి, మళ్ళీ మూతలో తీసుకుని వేలు ముంచింది. ఇంకోసారి పోసింది, ముంచింది. అప్పుడు మొహం తేటపడింది. పుండు మీద కారం చల్లడం సామెతలో విన్నాను గానీ, ఎవరికి వాళ్ళు చల్లుకోవడం ఎక్కడా చూడలేదు.

నీళ్ళు తల మీద పడ్డాయి. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్న టీచరమ్మ వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. కాసేపటికి సన్నగా గురక మొదలైంది, అదీ శ్రుతి తప్పకుండా.

"పెద్దమ్మా, ఆ వేలు..." అన్నాను.

"అరవకే, నిద్రపోతోంది. చీమ కుట్టినట్టుంటే నీళ్ళు సరిపోయినట్టు. అంతకు మించితే తలకి పనికిరావు. నాలుక తిరిగొచ్చేదాకా ఇదే నా నాలుక."

ఎవరిచేతా మాట పడని గయ్యాళిని నేను. ఆ వేలికి మందు రాయలేదని ఆవిణ్ణి కసిరిందీ నేనే. ఇన్నాళ్ళూ నా పక్కన తిరుగుతున్నది ఎలాంటి మనిషో అప్పుడు చూశాను.

సాయంత్రం షాపు మూశాక మందు డబ్బా తెచ్చి, ఆవిడ చేతులు నా ఒళ్ళోకి తీసుకుని, ఒక్కో వేలికీ రాస్తూ వచ్చాను. ఆ వేలు దగ్గరికి వచ్చేసరికి, తిడతాననుకుందో ఏమో, దాన్ని గుప్పిట్లోకి ముడుచుకుంది. నేను దాన్ని వదిలేసి పక్క వేలికి రాశాను.