మాస్టారి వాటా సముద్రం

చొక్కాలకు కాజాలు ఆమె కుట్టినంత పొందిగ్గా ఇంకెవరూ కుట్టలేరు కాబట్టి మా వీధి మొత్తానికీ ఆమె కాజాలక్క. గుడ్డ కత్తిరించేది ఆమె భర్త, మాస్టారు. పక్కన గుండీలూ దారాలూ అమ్మే కొట్టు నాది. మధ్య గోడ పల్చన. వినకూడదనుకున్నా వాళ్ల మాటలు వినిపిస్తాయి. వినకూడదనుకున్నానని మాత్రం చెప్పను.

వాళ్ల కుట్టు కొట్టులో 'నేను' అనే మాటే లేదు. జాకెట్టు బిగుతైందని ఎవరైనా దెబ్బలాటకొస్తే, కత్తెర ముట్టని కాజాలక్క కూడా "మేమే తప్పు కత్తిరించాం" అనేది. ఆమెకు జలుబు చేస్తే "మాకు ఒంట్లో బాగాలేదు" అని మాస్టారు చెప్పేవారు. వాళ్లింట్లోనే ఉండే ఆయన అక్క, పెద్దావిడ, "తుమ్ము కూడా ఉమ్మడేనా?" అని దెప్పేది.

ఒక్కసారైనా పై దేశం చూడాలని ఇద్దరికీ యావ. ఆమెకు పట్నం కావాలి, అద్దాల దుకాణాలు కావాలి. ఆయనకు సముద్రం కావాలి. ఆమెకేమో నీళ్లంటే చచ్చేంత భయం. చివరికి మాస్టారు తానులో గుడ్డ కోసినట్టు నాలుగు రోజుల ప్రయాణాన్ని మధ్యకు కోశారు. ముందు పట్నం, ఆమె వాటా. తర్వాత సముద్రం, ఆయన వాటా. మోకాళ్లు కనపడకూడదని చెప్పి మరీ ఆమె చేత ఈత నిక్కరు కుట్టించుకున్నారు. టికెట్లు చేతికొచ్చాక ఒక ఉదయం కత్తిరించే బల్ల మీదే ఒరిగిపోయారు. టేపు మెడలోనే ఉంది.

వెళ్లనని కాజాలక్క భీష్మించుకుంది. పెద్దావిడ ఊరుకోలేదు.

"వెళ్లవే. వాడి వాటా కూడా నువ్వే చూసి రా. వాడి బదులు ఒక్కసారి ఆ నీళ్లలో దిగు, చాలు. నాకింకేం వద్దు."

ఒక్కతే వెళ్లింది. రోజూ సాయంత్రం కొట్టుకే ఫోన్ చేసేది. పెద్దావిడకు చెవి తక్కువ, స్పీకరు పెట్టాల్సిందే. గోడకు చెవి ఆనించే శ్రమ తప్పింది కాబట్టి నేను స్టూలు లాక్కుని అక్కడే కూర్చున్నాను.

"దిగాం వదినా. మేం బానే ఉన్నాం."

గతుక్కుమని పెద్దావిడ మొహం చూశాను. అందులో ఏ మార్పూ లేదు.

"ఏం తిన్నారే?" అని అడిగింది.

మర్నాడు పట్నం కబుర్లు. ఎక్కినవాళ్లను మెట్లే పైకి మోసుకుపోయే దుకాణంలో కాజాలక్క ఖరీదైన చొక్కాలన్నీ తిరగేసి చూసిందట. "దారం వదులు వదినా. మేమైతే ఇలా కుట్టం. కాళ్లు లాగి కాసేపు కాఫీ కొట్లో కూర్చున్నాం. ఎవరో వచ్చి రెండో కుర్చీ తీసుకుంటామని సైగ చేశారు. ఇవ్వలేదు."

"మంచి పని చేశావు" అంది పెద్దావిడ.

నాకు ఒళ్లు మండింది. పోయిన మనిషికి కుర్చీ పట్టి ఉంచడమేమిటి, ఈవిడ తాళం వేయడమేమిటి? ఆ మాటే అనబోయాను. పెద్దావిడ తనలో తను నవ్వుకుంటూ మిషన్లకు గుడ్డ కప్పుతోంది. తమ్ముడు పోయాక ఆవిడ నవ్వగా చూడటం అదే మొదలు. నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత సముద్రం. మొదటి సాయంత్రం కాజాలక్క గొంతు సన్నగా వినిపించింది.

"ఇసకలో కూర్చున్నాం వదినా. కెరటం వస్తుంటే లేచి వెనక్కొచ్చేశాం."

"వాడు వెనక్కి రాడే" అంది పెద్దావిడ. "వాడికి నీళ్లంటే భయం లేదు."

ఆ మాట వినగానే కాజాలక్క ఫోన్ పెట్టేసింది.

చివరి రోజు పొద్దున్నే మోగింది.

"వదినా, దిగాను."

వెనక కెరటాల హోరు. కాజాలక్కకు ఊపిరి అందడం లేదు.

"ఆయన నిక్కరు చేత్తో పట్టుకుని నడుం లోతుదాకా వెళ్లాను. భయమేసి పక్కకి చెయ్యి చాపాను వదినా. ఎవరూ లేరు. నేనొక్కదాన్నే ఉన్నాను. చాలాసేపు నిలబడి, నేనే బయటికొచ్చాను."

కోరింది ఇదే కదా, సంతోషిస్తుందనుకున్నాను. పెద్దావిడ కత్తిరించే బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నిన్నటిదాకా ఇద్దరున్నారు కదే అక్కడ. వాణ్ణెక్కడ వదిలేశావే?"

అక్కడామె, ఇక్కడీవిడ వెక్కి వెక్కి ఏడ్చారు. ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. నేను స్టూలు తీసుకుని నా కొట్టులోకి వచ్చేశాను. గోడ అవతలి మాటలు వినిపించకూడదని ఆ ఒక్క రోజు మాత్రం నిజంగా అనుకున్నాను.