గుండంలో మునగని క్లారినెట్

మా బ్యాండు మాస్టరు పోయిన సోమవారం కన్నుమూశారు. పత్రికలో నాలుగు వరుసలు వేశారు. ఆయనను సన్నాయి విద్వాంసుడన్నారు. మా ఊరి సంగీత సంఘం ఆయనను పెంచి పెద్ద చేసిందన్నారు. ఆయన సన్నాయి ఎన్నడూ పట్టలేదు. సంఘం సంగతి నేను చెబుతాను. చూసినవాళ్లలో నేనొక్కణ్ణే మిగిలాను. ఈ వయసులో నాకు ఎవరి మొహమాటమూ లేదు.

మాస్టరు పగలు మగ్గం నేసేవారు. పెళ్లిళ్లలో పాత క్లారినెట్ పగుళ్లకు మైనం పూసి వాయించేవారు. బడిపంతులునైన నేను సాయంత్రాలు ఆయన దగ్గర నేర్చుకునేవాణ్ణి. పోలీసు చర్య జరిగిన ఆరేడేళ్లకు సంఘం కొత్త క్లారినెట్ తెప్పించింది. అధ్యక్షుడైన వకీలు దాన్ని తన బామ్మర్దికి ఇద్దామనుకున్నాడు. బామ్మర్దికి వచ్చింది హార్మోనియం ఒక్కటే. జనం ఊరుకోకపోయేసరికి మాస్టరు చేతికిచ్చి, ఒక షరతు పెట్టాడు: శ్రీరామనవమి కల్యాణంలో అపశ్రుతి పలికినా, ఆలోగా కట్టె పగిలినా వాద్యం వెనక్కి ఇచ్చేయాలి.

ముందుగా వేములవాడ తీసుకుపోయి గుడి కోనేరైన గుండంలో వాద్యాన్ని ముంచి పూజ చేయించాలన్నాడు. అందరం వెళ్లాం. మెట్ల మీద మాస్టరు వాద్యం నా చేతికిచ్చారు.

"సారూ, గట్టిగ పట్టుకో. నేను మునిగొస్త."

"నువ్వు మునుగుడు కాదయ్యా, దాన్ని ముంచు!" అన్నాడు వకీలు.

"పాపాలు చేసింది నేను, వకీల్ సాబ్. గిది మొన్ననే పెట్టెల నుంచి బయటికొచ్చింది. దీనికేం పాపముంటది?"

స్నానాలు చేస్తున్న ముసలమ్మలు కిసుక్కున నవ్వారు. వకీలు ఆ నవ్వును చచ్చేదాకా మరిచిపోలేదు.

మొదటి వారం మాస్టరు రోజుకు పావుగంటే ఊదారు. ఇంత మంచి వాద్యాన్ని పెట్టెలో దాస్తారేమని నేను విసుక్కున్నాను.

"కొత్త కట్టె సారూ. ఒక్కతీరుగ ఊదితె లోపల తడుస్తది, బయట ఎండుతది, నడుమ పగులుతది. మన ఊపిరికి అలవాటు కానియ్యాలె."

హకీం దుకాణంలో కొన్న బాదం నూనె రెండు చుక్కలు కోడి ఈకకు రాసి, మీటల కింది మెత్తలకు తగలకుండా గొట్టం లోపల తిప్పేవారు. సంగీతం మీద నాకు దొరికిన ప్రతి గ్రంథమూ చదివాను. ఒక్కదాంట్లోనూ కోడి ఈక లేదు.

నవమి నాడు మిట్టమధ్యాహ్నం పందిరి నిప్పులగుండంలా ఉంది. మాస్టరు ఊదగానే స్వరం పక్కన బామ్మర్ది వాయిస్తున్న హార్మోనియం కంటే పైకి పోయింది.

"శ్రుతి తప్పింది!" అని బామ్మర్ది అందరికీ వినపడేలా అరిచాడు. వకీలు లేచి నిలబడ్డాడు.

"తప్పలే. ఎండకు జర మీదికెక్కింది" అన్నారు మాస్టరు. నోటిముక్క కింది చిన్న గొట్టాన్ని గోరుమందం పైకి లాగారు; గొట్టం పొడవైతే స్వరం దిగుతుంది. బామ్మర్ది వైపు తిరిగారు. "సా పట్టుండ్రి దొరా. ఇడువకుండ్రి."

రెండు స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ వణికాయి. ఆయన ఇంకో రవ్వంత లాగారు. వణుకు ఆగిపోయింది. రెండు వాద్యాలున్నాయని తెలియకుండా ఒకే నాదం పందిరి నిండింది. ఆపైన మోహన రాగం అందుకున్నారు. పుస్తె కట్టే సమయానికి జనం అక్షింతల గుప్పిళ్లు మూసుకుని అలాగే ఉండిపోయారు. వెయ్యండర్రా అని పూజారి గుర్తు చేయవలసి వచ్చింది.

"గా బాజా మాస్టర్‌దే!" అని వెనక నుంచి ఎవరో కేక వేస్తే పందిరంతా అందుకుంది. వకీలు తన సన్మానానికి తెప్పించుకున్న పూలదండను జనమే అతని చేతిలో పెట్టి, మాస్టరు మెడలో వేయమని ముందుకు తోశారు. అప్పటికే మాస్టరు చాప మీద కూర్చుని క్లారినెట్‌ను ముక్కలుగా విప్పి, దారం కట్టిన మెత్తటి గుడ్డను గొట్టంలోంచి లాగుతున్నారు.

"ఆగుండ్రి వకీల్ సాబ్, లోపల తడున్నది."

ఒక్కో ముక్కా తుడిచి, వెలుగుకెత్తి, ఒక కన్ను మూసి చూశారు. వెంట్రుకంత పగులు లేదు. తొందరపడకుండా ఇంకో ముక్క తీశారు. ఊరందరి ముందు వకీలు, చేతుల్లో దండతో, నిలబడే ఉన్నాడు.