బూటు లేసుకు పేరు బిళ్ళ

సిడ్నీలో చదువుకునే రోజుల్లో నేనొక అమెరికా మెరైన్ సైనికుణ్ణి వియత్నాం యుద్ధం నుంచి తప్పించాను.

నా ఈడువాడే. సెలవు మీద వచ్చి, రైల్లో నా ఎదుట కూర్చున్నాడు. మర్నాడే తిరిగి యుద్ధానికి వెళ్ళాలి.

“ఓడ దిగి అందరికంటే ముందు ఒడ్డు పట్టుకోవడం మా బెటాలియన్ పని,” అంటూ బూటు లేసుకు కట్టిన పేరు బిళ్ళ చూపించాడు. “కాలొక్కటే దొరికినా ఎవరిదో తెలియాలిగా. నువ్వైతే తిరిగి వెళ్తావా?”

తప్పించానన్నది కాస్త పెంచి చెప్పిన మాట. నిజానికి నేనేమీ అనలేదు, పుస్తకంలోకి తల దించుకున్నాను.

ఇంతవరకు రాసింది చదివి మా ఆవిడ కాగితం నా ఒళ్ళో పడేసింది.

“ఏమీ అనకపోవడమేంటండీ? పెళ్ళైన కొత్తలో మీరే చెప్పారు. ‘రేపు నాకు పరీక్ష. వెళ్ళక ఏం చేస్తావు, నన్ను చదువుకోనివ్వు’ అన్నారట అతనితో.”